డస్టర్, వెరిటో డీజిల్ కార్లకు కొత్త టైమింగ్ బెల్ట్ వేయడం ఎలా?

డస్టర్, టెర్రానో, వెరిటో డీజిల్ కార్లు ఉన్నవారి నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది: పాత బెల్ట్ మీద, పుల్లీల మీద వైట్‌నర్‌తో గీతలు పెట్టుకుని, అవే గీతలను కొత్త బెల్ట్ మీదికి ఎక్కించుకుని పని ముగించవచ్చా, లేక క్రాంక్‌ను, క్యామ్‌ను సరైన స్థానంలో నిలిపే లాకింగ్ పిన్నులు తప్పనిసరిగా కొనాలా? పిన్నులు కావలసిందే. గీతలు మీ కంటికి అదనపు ఆసరాగా ఉంటాయి తప్ప ఇంజిన్‌ను కదలకుండా పట్టుకోలేవు. పైగా పాత బెల్ట్ అప్పటికే ఒక పన్ను తప్పి ఉంటే, ఆ తప్పునే మీరు జాగ్రత్తగా కొత్త బెల్ట్ మీదికి మోసుకొచ్చినట్లవుతుంది.

ఇక్కడ చెప్పే క్రమం రెనో వారి 1.5 లీటర్ల కె9కె డీజిల్ ఇంజిన్‌కు మాత్రమే వర్తిస్తుంది. మన దేశంలో ఇది మహీంద్రా రెనో లోగాన్, మహీంద్రా వెరిటో, రెనో డస్టర్, లాడ్జీ, నిస్సాన్ సన్నీ, మైక్రా, టెర్రానో కార్లలో వచ్చింది. పాత స్విఫ్ట్ డీజిల్‌లో ఉండే 1.3 లీటర్ల ఫియట్ ఇంజిన్‌కు బెల్ట్ ఉండదు, గొలుసు ఉంటుంది. కాబట్టి ముందుగా మీ బండిలో ఉన్నది ఏ ఇంజినో నిర్ధారించుకోండి.

ఎప్పుడు మార్చాలన్న దానికి కిలోమీటర్లతో పాటు సంవత్సరాలను కూడా లెక్కపెట్టాలి, రెంటిలో ఏది ముందు వస్తే అదే గడువు. మీ బండి పుస్తకంలో రాసిన అంకెను పాటించండి. భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చిన 2020తో ఈ డీజిల్ ఇంజిన్ మన కొత్త కార్లలో రావడం ఆగిపోయింది. అందువల్ల మన రోడ్ల మీద తిరుగుతున్న ఇలాంటి బండి ఏదైనా, దానికి ఫ్యాక్టరీలో వేసిన బెల్టే ఇంకా ఉంటే, అది తక్కువ కిలోమీటర్లే తిరిగినా సరే, రబ్బరు వయసు మీరినట్లే భావించండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు, బెల్ట్ మార్చినట్లు బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకోవాలి.

సిద్ధాంతం ఇంతవరకే చాలు: కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్, పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, ఈ రెండూ ఈ బెల్ట్ ద్వారానే కలిసి తిరుగుతాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పితే పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును తాకుతుంది, వాల్వు వంగుతుంది, ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్ దింపాల్సి వస్తుంది. ఈ ఇంజిన్‌లో అలా తగలకుండా తప్పించే ఖాళీ ఏమీ లేదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

విడిభాగాలలో బెల్ట్ ఒక్కటే కొనకండి. బెల్ట్, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ రెండూ కలిసి వచ్చే కిట్‌నే తీసుకోండి. ఈ ఇంజిన్‌కు సరిపోయే బెల్ట్‌కు 123 పళ్లు, 27 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. డబ్బా మీద రాసిన బండి పేరును మాత్రమే నమ్మకుండా, మీ ఇంజిన్ నంబర్ చెప్పి కొని, ఇంటికి వచ్చాక పళ్లు స్వయంగా లెక్కపెట్టండి. ఈ బెల్టే వాటర్ పంపును కూడా తిప్పుతుంది, కాబట్టి పంపును కూడా ఇప్పుడే మార్చడం మంచిదని నా అభిప్రాయం. ఆరు నెలల తర్వాత పంపు కారడం మొదలుపెడితే ఈ శ్రమ అంతా మళ్లీ మొదటి నుంచి పడాలి. దానితో పాటు కొత్త క్రాంక్ పుల్లీ బోల్టు, పంపు మారిస్తే దానికి సరిపడా కూలెంట్ తెచ్చుకోండి.

ఆల్టర్నేటర్‌ను తిప్పే బయటి బెల్ట్‌ను కూడా ఈ జాబితాలో చేర్చాలి. ఇది చాలామంది వదిలేసే వస్తువు. ఈ ఇంజిన్‌లో ఆ బయటి బెల్ట్ అంచులు పీచులుగా చీలినప్పుడు, ఆ పీచులు క్రాంక్ పుల్లీ వెనుక నుంచి టైమింగ్ కవర్‌లోకి చొరబడి, బాగున్న టైమింగ్ బెల్ట్‌ను కూడా పళ్ల మీద నుంచి ఎగరగొట్టే ప్రమాదం ఉంది. కొద్ది ఖర్చుకు చూసుకుని పెద్ద ఖర్చును నెత్తికి తెచ్చుకోకండి.

పనిముట్లలో మామూలు సాకెట్ సెట్టు, 6 మిల్లీమీటర్ల ఆలెన్ కీ, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే మంచి టార్క్ రెంచ్, కోణం కొలిచే గేజ్, జాకీ, రెండు జాకీ స్టాండ్లు, ఒక చెక్క దిమ్మ కావాలి. వీటితో పాటు కె9కె లాకింగ్ పిన్నుల సెట్టు తప్పనిసరి. అందులో ముఖ్యమైనవి రెండు: సిలిండర్ బ్లాక్‌లోకి స్క్రూలా తిప్పి బిగించే క్రాంక్ పిన్ను ఒకటి, క్యామ్ చక్రం రంధ్రంలోంచి హెడ్‌లోకి దూరే పిన్ను ఇంకొకటి. క్యామ్ పిన్నుకు బదులు సరైన మందం ఉన్న డ్రిల్ బిట్ వాడేవారు ఉన్నారు. వదులు లేకుండా సరిగ్గా సరిపోతే దానితో పని జరుగుతుంది. క్రాంక్ పిన్నుకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు. దాని పొడవు మీదే మొత్తం కొలత ఆధారపడి ఉంటుంది, అందుకని దొరికిన బోల్టును కోసి పెట్టే ప్రయత్నం చేయకండి.

టార్క్ రెంచ్ మీ దగ్గర లేకపోతే అద్దెకు గానీ తెలిసిన మెకానిక్ దగ్గర గానీ తెచ్చుకోండి. అదీ కుదరకపోతే ఈ పనిని వాయిదా వేయడమే మంచిది.

పని క్రమం

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీగను తీసేయండి. కుడి ముందు చక్రం, దాని లోపలి ప్లాస్టిక్ లైనర్, ఇంజిన్ కింది షీల్డు విప్పండి. బండి బరువు జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద ఉండాలి. స్టాండ్లు పెట్టాక బండిని చేత్తో పక్కకు ఊపి చూసి, అది కదలదని తేలాకే పనిలోకి దిగండి.

2. బయటి బెల్ట్‌ను తీసేయండి. తీసే ముందు అది ఏ పుల్లీ మీదుగా ఎలా తిరుగుతోందో ఫోనులో ఒక ఫోటో తీసుకోండి.

3. క్రాంక్ పుల్లీ బోల్టును ఈ దశలోనే వదులు చేయండి. సహాయకుడు బండిలో కూర్చుని అయిదో గేరు వేసి కాలి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. హ్యాండ్ బ్రేక్ వెనుక చక్రాలను మాత్రమే పట్టుకుంటుంది, ఈ బండికి శక్తి వెళ్లేది ముందు చక్రాలకు, కాబట్టి కాలి బ్రేకే ఇక్కడ పనికొస్తుంది. బోల్టు వదులైతే చాలు, పుల్లీని ఇంకా బయటికి లాగవద్దు.

   హెచ్చరిక: క్రాంక్ పిన్ను బిగించి, దాని ఆసరాతో ఈ బోల్టును విప్పడం గానీ బిగించడం గానీ ఎప్పుడూ చేయకండి. ఆ పిన్ను స్థానాన్ని చూపడానికి ఉన్నది, అంత బలాన్ని తట్టుకోవడానికి కాదు. అది వంగితే, విరిగితే, బ్లాక్ లోపలి భాగాలు దెబ్బతింటే ఆ నష్టం బెల్ట్ ఖర్చుతో పోల్చలేనంత ఉంటుంది.

4. ఇంజిన్ ఆయిల్ చాంబర్ కింద చెక్క దిమ్మ పెట్టి, దాని మీద జాకీని ఆనించి, ఇంజిన్ బరువును కొద్దిగా ఎత్తి పట్టండి. ఆ తర్వాతే కుడివైపు పై ఇంజిన్ మౌంటింగ్‌ను విప్పండి. దిమ్మ లేకుండా జాకీని నేరుగా ఆనిస్తే చాంబర్ సొట్టపడుతుంది. ఈ చోట డీజిల్ గొట్టాలు దగ్గరగా వెళ్తుంటాయి. వాటిని క్లిప్పుల నుంచి విడదీసి పక్కకు జరపండి గాని, హై ప్రెషర్ పైపుల మరలను మాత్రం తాకవద్దు.

5. పై టైమింగ్ కవర్ మీద ఉండే క్యామ్ సెన్సర్ కనెక్టర్‌ను, సెన్సర్‌ను తీసి, కవర్ విప్పండి. తర్వాత క్రాంక్ పుల్లీని, దాని వెనుక ఉన్న కింది కవర్‌ను తీయండి. పుల్లీ బయటికి వచ్చాక, దాని మందానికి సమానమైన గొట్టపు ముక్క వేసి పాత బోల్టును మళ్లీ బిగించండి. ఇకపై ఇంజిన్‌ను తిప్పేది ఆ బోల్టుతోనే.

   ఇక్కడ ఆగి లోపలంతా టార్చి వేసి చూడండి. బెల్ట్ మీద నూనె తడి ఉందా, చక్రాల వెనుక ఆయిల్ సీళ్ల దగ్గర నల్లటి జిగురు పేరుకుందా, వాటర్ పంపు కింద ఎండిన కూలెంట్ చారలు ఉన్నాయా అని గమనించండి. సీలు కారుతుంటే దాన్ని మార్చకుండా కొత్త బెల్ట్ వేయడంలో అర్థం లేదు. నూనె తగిలిన రబ్బరు కొద్ది రోజుల్లోనే ఉబ్బి మెత్తబడుతుంది.

6. ఇప్పుడు ఇంజిన్‌ను టైమింగ్ స్థానానికి తీసుకురావాలి. మొత్తం పనిలో తొందర అస్సలు పనికిరానిది ఈ దశే. గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ బోల్టును గడియారం ముల్లు తిరిగే వైపే నెమ్మదిగా తిప్పండి. క్యామ్ చక్రం మీది రంధ్రం, దాని వెనుక హెడ్‌లో ఉన్న రంధ్రానికి దాదాపు ఎదురుగా వచ్చే వరకు తెచ్చి, ఇంకా కొద్దిగా దూరం ఉండగానే ఆపండి. సిలిండర్ బ్లాక్ పక్కనున్న టైమింగ్ ప్లగ్గును విప్పి, అక్కడ క్రాంక్ పిన్నును చేత్తో చివరిదాకా బిగించండి. తర్వాత బోల్టును మెల్లగా అదే వైపు తిప్పితే క్రాంక్ వచ్చి ఆ పిన్నుకు ఆనుకుని ఆగుతుంది. ఆ స్థితిలో క్యామ్ పిన్ను సుత్తి సాయం లేకుండా, వేళ్లతో నెడితేనే లోపలికి వెళ్లాలి.

   పొరపాటున స్థానం దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయకండి. పిన్ను తీసేసి, మళ్లీ రెండు చుట్లు ముందుకే తిప్పి రండి. వెనక్కి తిప్పితే బెల్ట్ వదులు అంతా ఒక పక్కకు చేరి, టెన్షనర్ దగ్గర పన్ను ఎగిరే అవకాశం ఉంటుంది.

   పాత బెల్ట్ ఉండగానే క్యామ్ పిన్ను దూరకపోతే రెండు కారణాలు ఉండవచ్చు. క్రాంక్ ఒక చుట్టు తేడాలో ఉంటే క్యామ్ రంధ్రం పూర్తిగా ఎదురు దిక్కున కనిపిస్తుంది, అప్పుడు క్రాంక్ పిన్ను తీసి ఇంకో చుట్టు తిప్పాలి. రంధ్రం అంచు కొద్దిగా మాత్రమే కనిపిస్తుంటే, బెల్ట్ సాగి ఉండాలి లేదా ఒక పన్ను తప్పి ఉండాలి. ఆ సంగతి కాగితం మీద రాసుకోండి, పని పూర్తయ్యాక బండి నడకలో తేడా ఎందుకు వచ్చిందో దానివల్ల అర్థమవుతుంది.

7. హై ప్రెషర్ డీజిల్ పంపు చక్రం మీద కూడా ఒక గుర్తు ఉంటుంది. అది హెడ్ మీది బోల్టు తలకు ఎదురుగా వచ్చి ఉండాలి. మూడు చక్రాలనూ ఒక్కొక్కటిగా దగ్గర నుంచి ఫోటోలు తీసుకోండి. కావాలంటే గీతలు కూడా ఇప్పుడు పెట్టుకోండి. పిన్నులు పెట్టాక పెట్టిన గీతలకు విలువ ఉంటుంది.

8. టెన్షనర్ మధ్య బోల్టును వదులు చేసి, పట్టు తగ్గించి, పాత బెల్ట్‌ను జాగ్రత్తగా జార్చి తీయండి. ఈ క్షణం నుంచి కొత్త బెల్ట్ బిగిసే వరకు క్రాంక్‌ను గాని క్యామ్‌ను గాని తిప్పకూడదు. పాత టెన్షనర్‌ను కూడా విప్పేయండి.

   పాత బెల్ట్‌ను వెంటనే పారేయకండి. కొత్తదాని పక్కన పెట్టి వెడల్పు, పళ్ల సంఖ్య, పన్ను ఆకారం పోల్చి చూడండి. పాతదాని పళ్ల మొదళ్లను వేలితో వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపించవచ్చు. కనిపించకపోయినా అది బాగున్నట్లు కాదు, ఎందుకంటే లోపలి దారాల అలసట పైకి కనపడదు.

9. వాటర్ పంపు మారుస్తున్నట్లయితే కూలెంట్ దించి, పాత పంపు తీసి, అతికే తలాన్ని పూర్తిగా శుభ్రం చేసి, కొత్తది బిగించండి. మార్చకపోతే, పాత పంపును చేత్తో తిప్పి చూడండి. గరగర లాడినా, ఊగినా, కింద తడి కనిపించినా మార్చక తప్పదు. కూలెంట్ చుక్కలు టైమింగ్ భాగాల మీద పడితే తుడిచి ఆరనివ్వండి.

10. క్రాంక్‌షాఫ్ట్ చివరి భాగం, క్రాంక్ చక్రం ముఖం, పుల్లీ ఆనుకునే ముఖం, ఈ మూడింటి మీదా నూనె జిడ్డు ఏ మాత్రం లేకుండా బ్రేక్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. ఈ ఇంజిన్‌లో ఆ ముఖాలను గట్టిగా పట్టి ఉంచేది బోల్టు ఒత్తిడి. జిడ్డు మిగిలితే చక్రం జారి, అన్నీ సరిగ్గా పెట్టినా టైమింగ్ తప్పే ప్రమాదం ఉంటుంది. సుత్తి దెబ్బ కన్నా గుడ్డ ముక్కతో చేసే ఈ పనే ఇంజిన్‌ను ఎక్కువ కాపాడుతుంది.

11. కొత్త టెన్షనర్‌ను దాని వెనుక ఉన్న చిన్న కొమ్ము హెడ్ మీది గాడిలో కూర్చునేలా పెట్టి, బోల్టును వేళ్లతో మాత్రమే బిగించండి. ఆ కొమ్ము గాడి బయట ఉండిపోవడం నేను తరచుగా చూసే తప్పు. అలా జరిగితే టెన్షనర్ సూచిక ఎంత తిప్పినా సరైన చోటికి రాదు. దాన్ని బలవంతంగా బిగిస్తే బేరింగ్ వంకరగా తిరిగి కొద్ది నెలల్లోనే అరిగిపోతుంది.

12. కొత్త బెల్ట్‌ను మెలిపెట్టకుండా, మడవకుండా, లోపలివైపుకు తిప్పకుండా పట్టుకోండి. దాని మీద బాణం గుర్తు ఉంటే అది ఇంజిన్ తిరిగే వైపే చూడాలి. కొత్త బెల్ట్ మీద తయారీలోనే వేసిన గీతలు క్యామ్ చక్రం గుర్తుతోను, హై ప్రెషర్ డీజిల్ పంపు చక్రం గుర్తుతోను సరిపోయేలా ఎక్కించండి. ఈ రెండు గుర్తుల మధ్య బెల్ట్ పళ్లు సరిగ్గా 19 ఉండాలి. వేలు పెట్టి ఒక్కొక్క పన్నూ లెక్కించండి, రెండోసారి మీ సహాయకుడి చేత లెక్కింపజేయండి. టెన్షనర్ లేని వైపు బెల్ట్ వదులుగా వేలాడకూడదు. వదులు ఏదైనా ఉంటే అది టెన్షనర్ వైపే మిగలాలి.

    బెల్ట్ ఎక్కకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎగదోయకండి. పదునైన అంచు ఒక్కసారి తగిలినా లోపలి దారం తెగవచ్చు. టెన్షనర్ పూర్తిగా వదులుగా ఉందో లేదో మళ్లీ చూడండి, అప్పటికీ ఎక్కకపోతే మీరు తెచ్చిన బెల్ట్ వేరే ఇంజిన్‌ది కావచ్చు.

13. 6 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో టెన్షనర్ మధ్య భాగాన్ని తిప్పితే, కదిలే సూచిక కిటికీ లాంటి చిన్న ఖాళీ వైపు జరుగుతుంది. సూచిక అక్కడికి చేరగానే కీని కదలకుండా పట్టుకుని బోల్టును 25 న్యూటన్ మీటర్లకు బిగించండి. ఇది మొదటి బిగింపు మాత్రమే. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని కవర్లు మూసేస్తారు. కొత్త బెల్ట్ పళ్లు చక్రాల గాడుల్లో ఇంకా పూర్తిగా కూర్చోలేదు కాబట్టి, ఈ బిగింపు నిలవదు.

14. రెండు పిన్నులూ తీసేయండి. తీశామని నోటితో అనుకుంటే చాలదు, వాటిని కంటి ముందు బల్ల మీద పెట్టి చూసుకోండి. తర్వాత క్రాంక్ బోల్టును పొడవైన రాట్చెట్‌తో, ముందుకే, నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పండి.

    తిప్పేటప్పుడు చేతికి తగిలే రెండు రకాల అడ్డంకులను వేరు చేసి గుర్తించడం నేర్చుకోండి. డీజిల్ ఇంజిన్ కాబట్టి కంప్రెషన్ దగ్గర బరువుగా అవుతుంది. అప్పుడు ఒత్తిడి అలాగే పట్టి ఉంచితే, సన్నగా గాలి జారిన శబ్దంతో, క్షణాల్లో అది వదులవుతుంది. అలా కాకుండా ఇనుము ఇనుమును తాకినట్లు ఒక్కసారిగా గట్టిగా ఆగి, ఎంతసేపు పట్టుకున్నా వదలకపోతే, అది పిస్టన్ వాల్వును తాకడం కావచ్చు లేదా మరిచిపోయిన పిన్ను కావచ్చు. వెంటనే ఆపండి. ఇంకొంచెం బలం పెడితే పోతుందేమోనన్న ఆలోచనే వాల్వులను వంచుతుంది. అక్కడే ఆపి, పిన్నులు లెక్కచూసుకుని, బెల్ట్ తీసి, ఆరో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

15. రెండు చుట్లు పూర్తయ్యే ముందు ఆగి, క్రాంక్ పిన్నును మళ్లీ బిగించి, క్రాంక్‌ను దానికి ఆనించండి. క్యామ్ పిన్ను మునుపటిలాగే వేళ్లతో దూరాలి. దూరితే టైమింగ్ సరిగ్గా ఉంది. దూరకపోతే, ఎంత దగ్గరగా ఉన్నా సరే, సరిగ్గా లేదు. కొద్ది తేడానే కదా, నడుస్తుందిలే అనుకునే వీలు ఈ పనిలో లేదు.

    ఈ సమయంలో బెల్ట్ మీది రంగు గీతలు చక్రాల గుర్తులకు ఎదురుగా ఉండవు. దాన్ని చూసి కంగారు పడకండి. చక్రాలు తమ చోటికి తిరిగి వచ్చినా, 123 పళ్ల బెల్ట్ మాత్రం ఇంకా తన చుట్టు పూర్తి చేయలేదు. ఆ గీతలు ఎక్కించేటప్పుడు పనికొచ్చేవే తప్ప, తర్వాత పరీక్షకు కాదు. ఇది తెలియక, సరిగ్గా వేసిన బెల్ట్‌ను విప్పి తప్పుగా వేసినవారు ఉన్నారు.

16. పిన్నులు తీయండి. టెన్షనర్‌ను ఆలెన్ కీతో పట్టుకుని ఉండగానే, దాని బోల్టును ఒక చుట్టుకు మించకుండా వదులు చేసి, సూచికను కిటికీ సరిగ్గా మధ్యకు తెచ్చి, మళ్లీ 25 న్యూటన్ మీటర్లకు బిగించండి. కీ వదిలాక సూచిక మధ్యలోనే నిలిచిందో లేదో ఎదురుగా నిలబడి చూడండి, పక్క నుంచి చూస్తే కన్ను మోసం చేస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఈ పని చేయాలి.

17. కింది టైమింగ్ కవర్‌ను ముందుగా బిగించండి. పుల్లీ బిగించాక అది ఎక్కదు. తర్వాత క్రాంక్ పుల్లీని పెట్టి కొత్త బోల్టు వేయండి. ఈ ఇంజిన్‌లో రెండు రకాల బోల్టులు వచ్చాయి. ఎం12 బోల్టు అయితే 60 న్యూటన్ మీటర్లకు బిగించి ఆపై 100 డిగ్రీలు, ఎం14 బోల్టు అయితే 120 న్యూటన్ మీటర్లకు బిగించి ఆపై 95 డిగ్రీలు తిప్పాలి. మరల మందాన్ని కాలిపర్‌తో కొలిచి మీది ఏదో తేల్చుకోండి. మీ బండి తయారైన సంవత్సరానికి చెందిన రిపేర్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఇంజిన్ తిరగకుండా ఆపడానికి ఈసారి కూడా అయిదో గేరు, కాలి బ్రేకు పద్ధతే వాడాలి, పిన్ను బయటే ఉండాలి.

18. బోల్టు బిగిసిన తర్వాత న్యూట్రల్‌లోకి తెచ్చి, ఇంకో రెండు చుట్లు తిప్పి, పిన్నులతో చివరిసారి పరీక్షించండి. టెన్షనర్ సూచికను కూడా మళ్లీ చూడండి. పదిహేనో మెట్టులో చూశాం కదా అని దీన్ని వదిలేయవద్దు. పుల్లీ బోల్టు మీద ఇంత బలం పడిన తర్వాత కూడా అంతా తన చోటే ఉందని తెలిసేది దీనితోనే.

19. క్రాంక్ పిన్ను తీసి, టైమింగ్ ప్లగ్గు మరలకు కొద్దిగా సీలెంట్ రాసి 20 న్యూటన్ మీటర్లకు బిగించండి. ప్లగ్గు మరిచిపోతే ఇంజిన్ ఆయిల్ అక్కడి నుంచే పోతుంది. పై కవర్, క్యామ్ సెన్సర్, దాని కనెక్టర్, ఇంజిన్ మౌంటింగ్, కొత్త బయటి బెల్ట్, లైనర్, చక్రం వరుసగా బిగించండి. మౌంటింగ్ బోల్టులు పూర్తిగా బిగిసే వరకు ఇంజిన్ కింది జాకీని దించవద్దు. పంపు మార్చి ఉంటే కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయే వరకు నింపండి. బ్యాటరీ తీగ అన్నిటికన్నా చివర పెట్టండి.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు

తాళం తిప్పే ముందు ఒకసారి పనిముట్లు లెక్కపెట్టండి. రెండు పిన్నులు, ఆలెన్ కీ, గొట్టపు ముక్క, అన్నీ బయట కనిపించాలి.

స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కకుండా, ఐడ్లింగ్‌లోనే కాసేపు వినండి. కవర్ లోపలి నుంచి సన్నగా ఈల వేసినట్లు శబ్దం వస్తూ, వేగం పెంచితే అదీ పెరుగుతుంటే బెల్ట్ ఎక్కువ బిగిసి ఉండవచ్చు. టపటప కొట్టుకుంటున్నట్లుంటే వదులుగా ఉందన్నమాట, లేదా బెల్ట్ కవర్‌ను రాసుకుంటోంది. ఏ శబ్దం వచ్చినా వెంటనే ఆపి పై కవర్ తీసి సూచికను చూడండి. బయటి బెల్ట్ శబ్దాన్ని దీనితో కలిపి పొరబడకుండా ఉండాలంటే, దాన్ని తాత్కాలికంగా తీసి కొద్ది సెకన్లు మాత్రమే నడిపి చూడవచ్చు.

స్టార్టర్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే పదే పదే తాళం తిప్పకండి. ముందుగా క్యామ్ సెన్సర్ కనెక్టర్ పెట్టారో లేదో చూడండి, ఎక్కువ సందర్భాల్లో మరిచిపోయేది అదే. స్కానర్ ఉంటే కోడ్ చదవండి. పి0340 వస్తే క్యామ్ సెన్సర్ సర్క్యూట్‌ను, దాని తీగలను పరిశీలించాలి. పి0016 వస్తే క్రాంక్, క్యామ్ స్థానాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని అర్థం. ఆ కోడ్‌ను చెరిపేసి మళ్లీ ప్రయత్నించడం కాదు, కవర్ విప్పి పిన్నులతో మళ్లీ పరీక్షించాలి.

ఇంజిన్ వేడెక్కాక వాటర్ పంపు, టైమింగ్ ప్లగ్గు, డీజిల్ గొట్టాల దగ్గర తడి ఉందేమో చూడండి. ఊళ్లోనే నెమ్మదిగా ఒక చుట్టు నడిపి వచ్చి, చల్లారిన తర్వాత కూలెంట్ మట్టం మళ్లీ చూడండి. గాలి బుడగ మిగిలి ఉంటే మట్టం దిగుతుంది, పోయాలి. బండి లాగడంలో మందకొడితనం, కొత్తగా నల్లటి పొగ, ఐడ్లింగ్‌లో వణుకు ఉంటే అలాగే హైవే ఎక్కవద్దు.

బెల్ట్ తెగిన తర్వాత వచ్చినవారు ఒక విషయం తెలుసుకోవాలి. అలాంటి ఇంజిన్‌కు కొత్త బెల్ట్ మాత్రమే వేసి తాళం తిప్పడం వల్ల ప్రయోజనం లేదు. ముందుగా హెడ్ దింపి వాల్వులను, పిస్టన్ తలలను చూడాలి. బెల్ట్ వేసి కంప్రెషన్ పరీక్ష చేసి నిర్ణయిద్దాం అనేవారు ఉంటారు. వంగిన వాల్వుతో ఇంజిన్‌ను స్టార్టర్‌తో తిప్పితే వాల్వు తల విరిగి సిలిండర్‌లో పడవచ్చు, కాబట్టి ఆ దారి నేను చెప్పను.

చివరగా, తేదీ, కిలోమీటర్ల అంకె, వేసిన కిట్ పార్ట్ నంబర్ ఒక స్టిక్కర్ మీద రాసి పై టైమింగ్ కవర్ మీద అంటించండి, బిల్లును బండి పుస్తకంలో పెట్టండి.